సమాధి మీద కల్లుప్పు

మా గుళికలకు ఒక గుణం ఉండేది. నీళ్లు తాగి ఉబ్బాక వాటిని మళ్లీ నీళ్లలో వేస్తే కనపడేవి కావు. గాజు గిన్నె నిండా అవి వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, రైతు ముందు పెట్టి, "చెయ్యి పెట్టి చూడండి" అనేవాణ్ణి. కంటికి అది ఒట్టి నీళ్ల గిన్నె. చెయ్యి పెట్టినవాడికి మాత్రం వేళ్ల సందున చల్లగా, మెత్తగా, జారిపోతూ ఏవో తగిలేవి. చాలామంది చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కునేవారు. ఒక పెద్దాయన చేతిని పంచెకు మూడుసార్లు తుడుచుకుని, ఆ తర్వాత గిన్నె వైపు కాకుండా నా వైపు అనుమానంగా చూశాడు. అమ్మకానికి అది మంచి ఆరంభమని కంపెనీ శిక్షణలో చెప్పారు. శిక్షణ ఇచ్చినాయన పల్లెటూరు చూసినట్టు దాఖలాలు లేవు.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. వానలు మాట తప్పుతున్న కాలం. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీద గది తీసుకుని, ఆ గుళికలు అమ్మే చిన్న కంపెనీలో చేరాను. కార్డు మీద ఫీల్డ్ ఆఫీసర్ అని ఉండేది. ఫీల్డు మాత్రం నిజం.

గుళికలు చూడటానికి ముతక పంచదారలా ఉండేవి. గుప్పెడు వేస్తే బిందెడు నీళ్లు తాగి, కరగకుండా, స్ఫటికం ముక్కల్లా జిగేలుమంటూ నిలబడేవి. మిరప నారు వేసేటప్పుడు మొక్క మొదట్లో ఒక చెంచాడు పెడితే, తాగిన నీళ్లు దాచుకుని వేరు అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఇస్తాయి. రెండు తడుల మధ్య ఎడం పెంచుకోవచ్చు. శాస్త్రం హైడ్రోజెల్ అంటుంది, మేం నీటి గుళికలని అమ్మేవాళ్లం. పొడుగాటి అణువులు అక్కడక్కడ ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఆ వలలోకి నీళ్లు చేరతాయి గాని ఒక పట్టాన బయటికి రావు. పసిపిల్లల డైపర్లలో ఉండేది వీటి పినతల్లి బిడ్డ. కంట్లో పెట్టుకునే మెత్తటి లెన్సులూ, కాలిన గాయాల మీద చల్లగా పరిచే పట్టీలూ దూరపు చుట్టాలు. మంచి కుటుంబమే.

వాటి లోపం కూడా చెప్పాలి, అప్పట్లో నేను చెప్పలేదు కాబట్టి. ఉప్పు వాటికి గిట్టదు. మంచి నీళ్లలో బిందెడు అయ్యేవి ఉప్పు నీళ్లలో చెంబుడుతో సరిపెట్టుకుంటాయి. దర్శి చుట్టుపక్కల బోర్లలో చాలావాటి నీళ్లు ఎలా ఉండేవంటే, పప్పులో పోస్తే విడిగా ఉప్పు వేయాలా అని ఆలోచించాల్సి వచ్చేది. అందుకని నేను బస్సులో రెండు క్యాన్ల బ్యాటరీ నీళ్లు వెంట తీసుకెళ్లేవాణ్ణి. లారీ బ్యాటరీల్లో పోసే ఆ నీళ్లలో ఏ లవణమూ ఉండదు. గుళికలు వాటిని చూస్తే పొంగిపోయేవి. నేను అబద్ధం ఆడలేదు. గిన్నెలోవి ఏ నీళ్లని ఎవరూ అడగలేదంతే.

వాటితో ఒకే గదిలో పడుకోవడం కొంచెం అలవాటు కావాల్సిన విషయం. ఒకసారి ప్యాకెట్ చిరిగి గది నిండా ఒలికింది. ఊడ్చేశాననుకుని ఊరెళ్లాను. నేను లేని రెండు రోజులూ కిటికీలోంచి జల్లు కొట్టింది. కింద ఉండే ఇంటావిడ గట్టి మనిషి, కేకలు వేయలేదు. నేను రాగానే మెట్ల దగ్గర నిలబడి, "బాబూ, నీ గదిలోంచి ఏదో దిగి వస్తోంది, చూసుకో" అంది. చూశాను. తలుపు సందులోంచి మూడో మెట్టు దాకా వచ్చి ఆగింది. లోపల దీపం వేస్తే మెట్లన్నీ కళ్లు తెరిచినట్టు మెరిశాయి. చీపురుతో తోస్తే జరిగాయి గాని, జరగడం ఇష్టం లేనట్టు వణికాయి. ఆ వారం నేను లైటు ఆర్పకుండా పడుకున్నాను. చదువుకోవడానికని ఇంటావిడతో చెప్పాను.

ఇక ఈ కథకు కారణమైన ఆమెను నేను మొదటిసారి చూసింది మార్చి నెలలో, దర్శికి అవతల ఒక పల్లెలో. పంచాయతీ ఆఫీసు వరండాలో గిన్నె పెట్టి కూర్చున్నాను. నన్ను అక్కడికి పంపింది దర్శిలో పురుగుమందుల కొట్టు నడిపే సాయిబుగారు. నా గుళికలు ఆయన కొట్లోనే అమ్మేవాళ్లం. మగవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి పెట్టి, తీసి, నవ్వి వెళ్లారు. చివర్లో వచ్చిందామె. నాట్లకూ కోతలకూ ఆడకూలీల ముఠా నడిపే మనిషి. నలభై దాటి ఉంటాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేళ్లు లోపలే ఉంచి కాసేపు కదలకుండా నిలబడింది, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు.

"ఇయి ఎన్నాళ్లు ఉంటయ్ సారూ?"

"నేల్లో అయితే ఏళ్ల తరబడి ఉంటాయమ్మా. ఆరతాయి, మళ్లీ తాగుతాయి."

"నేల బీట తియ్యకుండా ఆపుతయ్యా?"

"కొంత ఆపుతాయి. ఏ పంటకి?"

"పంటకి కాదు. మా ఆయనకి."

నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి, గిన్నె సర్దుకున్నాను.

వాళ్లు క్రైస్తవులు. ఫిబ్రవరి చివర్లో ఆమె భర్త మిరప కళ్లంలో ఎండబోసిన కాయలు తిరగేస్తూ మిట్టమధ్యాహ్నం కూలిపోయాడు. ఆరెంపీ డాక్టరు మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఆమె తమ్ముడు మాచర్ల వైపు నుంచి రావాలి. తెల్లారేదాకా ఉంచమని ఆమె అడిగింది. ఆమె బావగారు, అంటే భర్త అన్న, సంఘంలో పెద్ద. ఈ ఎండకి శరీరం ఆగదని చెప్పి, పొద్దు గూకేలోపు మట్టి చేయించాడు. ఆమె ఇదంతా మిరప ధర చెప్పినట్టు చెప్పింది.

"పెట్లో పెట్టేటప్పుడు చెయ్యి పట్టుకున్నా సారూ. వెచ్చగా ఉంది."

దీనికి అనడానికి నా దగ్గర ఉన్నది కరపత్రం ఒకటే.

అక్కడిది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలు తీస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి పత్తి చేలల్లో ఆ బీటల్లోకి మేక కాలు దిగబడిపోతుంది. శ్మశానం కూడా అదే నేల. మట్టి తడిపి మెత్తి కట్టిన సమాధి, తడి ఆరగానే మధ్యలోంచి నిలువునా చీలింది.

"మొన్న చూద్దామని చెయ్యి పెట్టా. మోచెయ్యి దాకా పోయింది. ఇంకా పోద్ది. నేనే తీసేసుకున్నా," అంది. "రోజూ సందేళ బిందెడు నీళ్లు పోసొస్తన్నా. తాగే నీళ్లకి దిక్కు లేకపోతే సచ్చినోడికి పోస్తందని ఊళ్లో సణుగుతున్నారు. వాళ్ల మాటా నిజమే. అది మూసుకుంటే చాలు సారూ. అది తెరుచుకుని ఉన్నంతసేపు నాకు నిద్ర రాదు. లోపల్నించి ఎవురో ఇంకా మాట పూర్తి చెయ్యనట్టుంది."

సమాధి మీద కాంక్రీటు పోయించడం ఆమె వల్ల అయ్యే పని కాదు. నేను కిలో ప్యాకెట్లు రెండు శాంపిలని ఇచ్చాను. "ముందు బకెట్లో నానబెట్టండి. నానినవి బీటలో కొంచెం కొంచెంగా వేసి పైన మట్టి కప్పండి. పొడిగా వేయకూడదు. అంతా ఒకేసారి వేయకూడదు" అన్నాను. ఏ నీళ్లలో నానబెట్టాలో చెప్పలేదు. చెబితే వెనక నిలబడి వింటున్న నలుగురు రైతులకూ చెప్పినట్టవుతుంది. ఆమె రెండు ప్యాకెట్లూ కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది.

ఒక విషయం నేను మర్చిపోకూడనిది. మా ప్రాంతంలో మోతాదు అనే మాటకు అర్థం వేరు. పురుగుమందు డబ్బా మీద ఒక మూత అని ఉంటే, రెండు మూతలు పోసేవాడు జాగ్రత్తపరుడు, మూడు పోసేవాడు రైతు. పత్తికి అలాగే కొట్టారు, మిరపకు అలాగే కొట్టారు. మందు పనిచేయలేదంటే తక్కువైందని అర్థం, ఎక్కువైందని ఎవరికీ తోచదు. అదే చేత్తో సమాధికీ వేస్తారని నాకు తట్టి ఉండాల్సింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున ఇంటావిడ ఫోనుకి పిలిచింది. సాయిబుగారు.

"సారూ, మీ మందు పనిచేసింది."

"సంతోషం సాయిబుగారూ."

"సంతోషం తర్వాత పడుదురు గాని. శ్మశానంలో పనిచేసింది. సమాధి పైకి లేచింది."

ఆయన చెప్పిన సంగతి ఇది. శుక్రవారం రాత్రి అనుకోకుండా పెద్ద వాన పడింది. ఆదివారం ఈస్టరు. ఆ పల్లెలో ఈస్టరు నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి వెళ్లి, అయిన వాళ్ల సమాధుల దగ్గర పాటలు పాడి ప్రార్థన చేస్తారు. వెళ్లారు. కొవ్వొత్తి వెలుగులో చూస్తే ఆ ఒక్క సమాధీ బెత్తెడు ఎత్తు లేచి ఉంది. బీటలోంచి ఏదో తెల్లగా, మెరుస్తూ బయటికి వస్తోంది.

"ఇయ్యాల వాళ్ల ప్రభువు సమాధిలోంచి లేచిన రోజు సారూ. ఇంకో రోజైతే ఇంత గొడవ అయ్యేది కాదు. పానం ఉండంగానే పూడ్చారు, అందుకే లేస్తన్నాడు అని మొదలెట్టారు. పోయినాయన అన్న గడ్డపార తెచ్చుకుని కూర్చున్నాడు. తీసి అందరికీ చూపిస్తానంటన్నాడు. ఆమె కాళ్లకాడ కూర్చుని తియ్యనీనంటంది. మధ్యాహ్నం దాకా ఆగమని పాస్టరుగారు ఆపాడు. ఆ తర్వాత ఆగరు."

"మీ దగ్గర కల్లుప్పు ఉందా?"

"పురుగుమందుల కొట్లో ఉప్పెందుకుంటది?"

"ఒక బస్తా సంపాదించండి. నేను వస్తున్నాను."

"ఊరగాయ పెడతారా సారూ?" అన్నాడు గాని, ఆయన గొంతులో నవ్వు లేదు.

చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి మీదుగా దర్శి. బస్సు కిటికీ పక్కన కూర్చుని నాకు నేనే పాఠం చెప్పుకుంటూ వెళ్లాను. బోరు నీళ్లతో ఉబ్బని గుళికలు వాన నీళ్లతో ఉబ్బాయి, రేగడి కూడా తడిసి ఉబ్బింది, రెండూ కలిసి పైకి తోశాయి. ఇందులో మిస్టరీ ఏమీ లేదు. మార్టూరులో బస్సు కాసేపు ఆగింది. రోడ్డు పక్క పాలిషింగ్ షెడ్లో నల్లటి గ్రానైట్ పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. తడి రాయిలో నా మొహం కనపడింది, మెడ కింద నుంచి ఏమీ లేకుండా. పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాను.

దర్శిలో సాయిబుగారు నిజంగానే బస్తా ఉప్పు ఆటోలో వేయించుకుని ఎదురు చూస్తున్నాడు. చినగంజాం కొఠార్లలో సముద్రపు నీళ్లు ఎండగట్టి తీసిన ఉప్పు, బూడిద రంగు ముతక రాళ్లు. దారిలో ఆయన ఒకే ఒక ప్రశ్న వేశాడు. "సారూ, ఒకవేళ మీ మందు కాకపోతే?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. అంతవరకూ నాకు వచ్చిన ధైర్యమంతా ఆ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్ల వచ్చిందే.

శ్మశానం పత్తి చేల మధ్య చిన్న నేల చెక్క. ఎండ కాస్తోంది గాని మబ్బు పొర వెనక నుంచి, నీడలు లేని ఎండ. జనం సమాధికి ఇరవై అడుగుల దూరంలో గుండ్రంగా నిలబడ్డారు. ఎవరూ గీత గీయలేదు గాని అందరూ ఒకే చోట ఆగారు. తెల్లవారుజామున అంటించిన కొవ్వొత్తులు మిగతా సమాధుల మీద కరిగి తెల్లటి మరకలయ్యాయి. ఈ సమాధి మీద మాత్రం ఒక కొవ్వొత్తి నిట్టనిలువుగా మిగిలిపోయింది. వెలిగించినవాళ్లు ఆర్పేసి పరిగెత్తి ఉంటారు.

ఆమె కాళ్ల వైపు కూర్చుని ఉంది. తల వైపు ఆమె బావగారు, మోకాళ్ల మీద గడ్డపార పెట్టుకుని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు.

నేను దగ్గరికి నడిచాను. సమాధి చుట్టూ ఆమె చెట్టుకు కట్టినట్టు పాదు కట్టింది, పోసిన నీళ్లు పక్కకు పోకుండా. వాన నీళ్లన్నీ అందులోనే నిలిచి, ఇంకి, లోపలికి దిగాయి. మట్టి మధ్యలో ఉబ్బి పగిలింది. ఆ పగులు పొడుగునా గుళికలు పొంగి ఉన్నాయి, కోడిగుడ్డు సొన కంటే స్వచ్ఛంగా, ఒక్కొక్కటి రేగిపండంత. ప్రతిదానిలోనూ చిన్న ఆకాశం తలకిందులుగా ఉంది. నేను ఇంకో అడుగు వేశాను. సమాధి వణికింది.

జనంలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. అడుగు బరువు మట్టిలోంచి పాకి ఆ మెత్తటి ముద్దకు తగిలితే అది కదులుతుంది. నాకు తెలుసు. తెలిసిన నా కాలే రెండో అడుగు వేయలేదు.

"మీరేనా సారు మందిచ్చింది?" ఆమె బావగారు అడిగాడు.

"నేనేనండీ. ఇది ఆ మందే. ఇంకేమీ కాదు."

"అయితే బోరు నీళ్లు పోసినప్పుడు ఎందుకు పొంగలా?" అన్నదామె. "మీరు చెప్పినట్టే బకెట్లో నానేశా. ఊరికే బియ్యం నానినట్టు నానినయ్. చాలలేదేమో అని ఒక పాకెట్టు పొడిదే వేశా. నీళ్లు పోశా. అయినా చాలలా. రెండోదీ వేశా."

నలుగురు రైతులు వింటున్నారు. మార్చిలో నా వెనక నిలబడిన నలుగురే అని నా అనుమానం. "మీ బోరు నీళ్లలో ఉప్పుంది. ఉప్పు నీళ్లలో ఇవి సరిగా ఉబ్బవు" అన్నాను. "నేను గిన్నెలో చూపించినవి బ్యాటరీ నీళ్లు."

ఎవరూ తిట్టలేదు. ఒకాయన పక్కవాడితో, "చూశావంట్రా, బ్యాటరీ నీళ్లంట" అన్నాడు, నెమ్మదిగా. ఆ మండలంలో నా అమ్మకాలు ఆ మాటతో ముగిశాయి. పడిపోవడానికి పెద్ద ఎత్తేమీ లేదు.

పగులులోంచి ఒక గుళికల ముద్ద తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది. దాని మీద గుప్పెడు ఉప్పు వేసి ఆమె బావగారి ముందు చెయ్యి చాపాను. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ముద్ద కుంగింది, అంచులు పోయాయి, నీళ్లు నా మణికట్టు మీదుగా కారాయి. చేతిలో మిగిలింది చెంచాడు జిగురు.

"అంతా ఇట్టాగే దిగిపోతుందండీ. తవ్వక్కర్లేదు."

ఆయన నా చెయ్యి చూశాడు. "దిగితే సరే," అన్నాడు. "దిగకపోతే తీస్తా. ఊరంతా నన్ను వేలెత్తి చూపెడతంది. నేను తొందరపడ్డానంట. తీసి చూస్తే తెలుస్తది గదా."

"తియ్యమాక బావా," అన్నదామె. "లోపల ఆయన పెట్టినట్టే ఉంటే సరే. పక్కకి తిరిగి ఉంటే? ఆ తర్వాత నువ్వెట్టా తింటావు, నేనెట్టా తింటాను? చూసినదాన్ని చూడలేదనుకోవడం నా వల్ల కాదు."

ఆయన గడ్డపార కింద పెట్టలేదు. లేవనూ లేదు.

నేను బస్తా మూతి విప్పి ఉప్పు చల్లడం మొదలుపెట్టాను. శాస్త్రీయంగానే చల్లాను, పగులు పొడుగునా, సమంగా. కాని యాభై అడుగుల నుంచి చూసేవాడికి, మధ్యాహ్నం శ్మశానంలో సమాధి చుట్టూ తిరుగుతూ దోసిళ్లతో ఉప్పు చల్లే మనిషి ఎమ్మెస్సీనో మంత్రగాడో తేడా తెలిసే మార్గం లేదు. పాస్టరుగారు దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగారు. "బాబూ, మీదే సంఘం?"

"కెమిస్ట్రీ అండీ."

ఆయన ఒక క్షణం ఆలోచించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నా తరఫున అనుకుంటాను.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఉప్పు రాళ్లు ఆ మెరిసే ముద్దల మీద అలాగే కూర్చున్నాయి. సాయిబుగారు చేతిగడియారం చూసుకోవడం, చూసుకోనట్టు నటించడం చేస్తున్నాడు. తర్వాత నిలువుగా ఉన్న ఆ కొవ్వొత్తి కొంచెం వాలింది. ఇంకొంచెం వాలి, పడిపోయింది. గుళికలు మసకబారాయి, వాటిలోని ఆకాశాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పగులులోంచి నీళ్లు లోపలికి జారుతున్న చప్పుడు. సమాధి దిగుతోంది. రెప్ప వేయకుండా చూస్తే తెలియదు. పక్కకి చూసి మళ్లీ చూస్తే తెలుస్తుంది.

అప్పుడు లోపలి నుంచి శబ్దం వచ్చింది.

గుడగుడమని, పొడుగ్గా, కిందెక్కడి నుంచో మొదలై పైకి వచ్చింది. నీళ్లు దిగిన చోట గాలి పైకి తన్నుకొచ్చి, చివర్లో ఒక పెద్ద బుడగగా ఉబ్బి, మెత్తగా పగిలింది. ఎవరో చాలాసేపు బిగబట్టి వదిలినట్టు. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. వాళ్లతోపాటు నేనూ జరిగాను. ఉప్పు నా చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

ఆమె కదల్లేదు.

"అదేంది సారూ?"

"గాలమ్మా. లోపల ఇరుక్కున్న గాలి. నీళ్లు దిగితే అది బయటికొస్తుంది."

ఆమె నా వంక చూసింది. "ఎవరిది?" అంది.

నేను చదివిన పుస్తకాల్లో దానికి జవాబుంది. మట్టి రేణువుల మధ్య గాలి, అది ఎవరిదీ కాదు. ఆ జవాబు నేను చెప్పలేదు. ఆమె అడిగింది గాలి గురించి కాదు కాబట్టి.

సమాధి నేల మట్టానికి దిగి, ఇంకా దిగి, మధ్యలో పల్లం పడింది. పల్లంలో బీట మళ్లీ తెరుచుకుంది, మునుపటి కంటే వెడల్పుగా. లోపల నలుపు తప్ప ఏమీ లేదు. ఆమె బావగారు లేచి అంచు దాకా వచ్చి లోపలికి చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. నేను ఆయన పాదాలనే చూస్తున్నాను.

"తీస్తావా, మూస్తావా బావా?" అందామె. "ఏదో ఒకటి ఇయ్యాలే తేల్చు. రేపు నాకు కోతలున్నయ్."

ఆయన గడ్డపార అక్కడే వదిలేసి పొలాల వైపు నడిచి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడనే అనుకున్నాం. గంట తర్వాత ట్రాక్టరు చప్పుడు వినపడింది. వాగు అవతల నుంచి ట్రక్కు నిండా ఎర్ర గరప మట్టి తెచ్చాడు. గరప నేలకు రేగడికున్న గుణం లేదు. తడిస్తే ఉబ్బదు, ఎండితే చీలదు. నా రెండు ప్యాకెట్ల కంటే అది ఎంత మంచి మందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అది ఆ ఊళ్లో అందరికీ మొదటి నుంచీ తెలుసు. ఎవరైనా తేవాలి, అంతే.

పారలతో పోశారు. సాయిబుగారూ నేనూ కూడా పోశాం. పల్లం నిండింది, కాని పైన మట్టి ఇంకా మెత్తగా, కాలు పెడితే దిగేటట్టు ఉంది. కింద మిగిలిన జిగురు వల్ల కొద్దికొద్దిగా వణుకుతోంది.

"తొక్కాల," అందామె. "తొక్కకపోతే మళ్లీ దిగుద్ది. నువ్వు తొక్కు బావా. నువ్వే గదా పూడ్చింది."

ఆయన చెప్పులు విడిచి అంచున నిలబడ్డాడు. ఒక కాలు ఎత్తాడు. పెట్టలేకపోయాడు. ఎత్తిన కాలు కింద పెట్టి, తల వంచుకుని, మేం అందరం వినేటట్టే అన్నాడు.

"నాకూ చెయ్యి వెచ్చగానే తగిలిందమ్మా."

పత్తి చేలో ఎక్కడో కౌజుపిట్ట కూసి ఆగింది. ఆమె కొంగు నడుముకి బిగించుకుంది. ఆమె ఏమంటుందోనని పాస్టరుగారు ఒక అడుగు ముందుకేశారు.

"ఆ రోజు ఎండకి కళ్లంలో రాళ్లు కూడా వెచ్చగానే ఉన్నయ్ బావా," అంది. "డాక్టరు చూశాడు. నువ్వు చూశావు. నేను చూశా. ముగ్గురం ఆయన బతికుండాలనే చూశాం. ఎక్కు."

మిరపకాయలు బస్తాల్లోకి ఎత్తేటప్పుడు ఒక మనిషి బస్తాలో దిగి కాళ్లతో తొక్కి కాయ కూరుతాడు. పడిపోకుండా పైన తాడు పట్టుకుంటాడు. ఆమె ముఠా మనిషి కాబట్టి ఆ పని తెలుసు. మరదలు బావగారి చెయ్యి పట్టుకోదు, అందుకని ఒక పార తీసుకుని, కర్ర ఒక చివర ఆయన చేతికిచ్చి, రెండో చివర తను పట్టుకుని మట్టి మీదికి ఎక్కింది. ఆయనా ఎక్కాడు. ఇద్దరూ ఎదురెదురుగా, కర్రను ఆసరా చేసుకుని, మడమలతో తొక్కడం మొదలుపెట్టారు. ముందు తల వైపు నుంచి, తర్వాత కాళ్ల వైపుకి. ఆయన ఏడుస్తున్నాడు. ఆమె, "మడమ వెయ్యి, మడమ" అంటోంది, కూలివాళ్లతో అన్నట్టే.

మొదట్లో వాళ్ల అడుగులకు సమాధి అంతా కదిలేది. తర్వాత అడుగు పడిన చోటే కదిలేది. దర్శికి ఆటో సిద్ధంగా ఉందని సాయిబుగారు రెండుసార్లు చెప్పాడు. నేను కదల్లేదు. మట్టి పూర్తిగా ఊరుకునేదాకా అక్కడే నిలబడ్డాను. నిలబడమని నన్నెవరూ అడగలేదు.